థండర్‌బర్డ్ ఎందుకు మారింది, వాడేవాళ్లు ఎందుకు అలిగారు

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. పూర్తి పేరు ఎవరూ అనరు, సీటీసీ అంటారు. పాత సీపీయూ మోసుకెళ్లి విండోస్ మళ్లీ వేయించుకునేవాళ్లను అక్కడి కుర్రాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "డేటా ఏమైనా ఉందా సార్?" ఉందంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ వేరే డిస్కులోకి కాపీ చేసి, సీ డ్రైవ్ ఫార్మాట్ కొడతారు. మెయిల్స్‌ను కంప్యూటర్‌లోకే దించి చూపించే థండర్‌బర్డ్ అనే ప్రోగ్రాం వాడే మనిషైతే, పన్నెండేళ్ల మెయిల్స్ పోయాయని ఇంటికెళ్లి మెషీన్ ఆన్ చేశాక గానీ తెలియదు. అవి డాక్యుమెంట్స్‌లో లేవు. యూజర్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో, మామూలుగా కంటికి కనపడని యాప్‌డేటాలో, అందులో రోమింగ్, అందులో థండర్‌బర్డ్, అందులో ప్రొఫైల్స్, అందులో అర్థం లేని ఎనిమిది అక్షరాలతో మొదలయ్యే ఇంకో ఫోల్డర్. మెయిల్ అంతా అక్కడ ఉంటుంది. ఆ దారి తెలిసిన కుర్రాడు దొరికితే అదృష్టం.

జీమెయిల్‌తోనే పెరిగినవాళ్లకు ఇదంతా వింతగా ఉంటుంది. మెయిల్ అంటే ఎక్కడో సర్వర్‌లో ఉండేది కదా, మన మెషీన్ పోతే దానికేం? కానీ జీడిమెట్లలో ఒక వర్క్‌షాపు, రాణీగంజ్‌లో ఒక హార్డ్‌వేర్ డీలరు, నారాయణగూడలో ఒక ఆడిటరు ఉన్నారనుకోండి. కంపెనీ పేరుతో ఒక డొమైన్ కొన్నారు, హోస్టింగ్‌తో పాటు నాలుగు మెయిల్ అకౌంట్లు ఉచితంగా వచ్చాయి. ఆ అకౌంట్లలో జాగా తక్కువ. వారం తిరిగేసరికి 'మెయిల్‌బాక్స్ ఫుల్'. అందుకని పాప్ పద్ధతిలో మెయిల్స్‌ను ఆఫీసు కంప్యూటర్‌లోకి దించుకుని, సర్వర్‌లో ఉన్నవి చెరిపేయడం అలవాటైంది. అంటే 2011 నాటి పర్చేజ్ ఆర్డర్‌కైనా, డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చిన నోటీసుకైనా ఉన్న కాపీ ఒక్కటే. అది ఆ ఎనిమిది అక్షరాల ఫోల్డర్‌లో ఉంది. థండర్‌బర్డ్ రూపం మార్చినప్పుడు వచ్చిన కోపాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ సంగతి దగ్గర మొదలుపెట్టాలి. ఆ కోపం బటన్ల మీద కనిపించింది గానీ, దాని వేరు ఈ ఫోల్డర్‌లో ఉంది.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1998 మార్చి 31న నెట్‌స్కేప్ తన బ్రౌజర్ కోడ్‌ను లోకానికి తెరిచింది. (అదే ఏడాది నవంబర్‌లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఈ రెంటికీ సంబంధం లేదు, కానీ ఆ కోడ్ వయసెంతో హైదరాబాద్ వాళ్లకు లెక్క దొరుకుతుంది.) ఆ కోడ్‌లో బ్రౌజరూ మెయిలూ కలిసే ఉండేవి. ఆ కోడ్ బాధ్యత తీసుకున్న మొజిల్లా (ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వీళ్లదే) వాటిని విడదీసే ప్రయత్నంలో మెయిల్ భాగానికి మొదట మినోటార్ అని పేరు పెట్టింది, తర్వాత థండర్‌బర్డ్ అయింది. 2003 జులైలో 0.1, 2004 డిసెంబర్‌లో 1.0 వచ్చాయి. అప్పటికి ఈ ఊళ్లో విజిటింగ్ కార్డుల మీద ఇంకా 'హెచ్‌డీ1 డాట్ వీఎస్ఎన్ఎల్ డాట్ నెట్ డాట్ ఇన్' అని ముగిసే అడ్రసులు కనిపించేవి. మైక్రోసాఫ్ట్ మెయిల్ ప్రోగ్రాం ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ వాడి అలసిపోయినవాళ్లు థండర్‌బర్డ్‌కి మారారు. మారడం కష్టం కాలేదు, ఎందుకంటే చూడటానికి రెండూ ఒకటే: ఎడమ పక్క ఫోల్డర్లు, కుడి పక్క పైన మెయిల్స్ జాబితా, కింద చదివే చోటు.

ఆ తర్వాతి కథ ఒక సంస్థ తన బిడ్డను ఏం చేసుకోవాలో తెలియక తికమకపడిన కథ. 2008లో మొజిల్లా మెసేజింగ్ అని దీనికోసమే ఒక కంపెనీ పెట్టారు, 2011లో దాన్ని మళ్లీ మొజిల్లాలో కలిపేశారు. 2012 జులైలో, ఇకమీద థండర్‌బర్డ్‌లో కొత్తదనానికి మొజిల్లా డబ్బూ మనుషులనూ పెట్టదు, భద్రతా మరమ్మతులు చేస్తుంది, మిగతాది వాలంటీర్లు చూసుకోవాలి అన్నారు. 2015 చివర్లో అసలు పూర్తిగా వేరు చేసేస్తేనే ఇద్దరికీ మంచిదనే మాట వచ్చింది. 2017లో మొజిల్లా ఫౌండేషన్ నీడలోనే ఉండనిచ్చారు. 2020 జనవరిలో ఎంజడ్ఎల్ఏ టెక్నాలజీస్ అనే అనుబంధ కంపెనీ కిందికి మార్చారు.

ఇందులో 2012 నుంచి 2017 దాకా ఉన్న ఐదేళ్లను కాస్త ఆగి చూడాలి. ప్రాజెక్టు లోపల అవి కరువు రోజులు. వాడేవాళ్లకు మాత్రం స్వర్ణయుగం! రోజూ పొద్దున అదే కిటికీ, అదే చోట అదే బటన్. ఫోన్లో ప్రతి యాప్ మూడు నెలలకోసారి ముఖం మార్చుకుంటున్న కాలంలో, కదలనిది ఇదొక్కటే. చాలామందికి థండర్‌బర్డ్ అంటే కదలకపోవడమే అని స్థిరపడింది ఆ రోజుల్లోనే. 'కొత్త ఒక వింత, పాత ఒక రోత' అన్న సామెత వీళ్ల దగ్గర తిరగబడుతుంది. వింతలు నచ్చినవాళ్లు ఎప్పుడో బ్రౌజర్ మెయిల్‌కి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లంతా మారనందుకే మిగిలినవాళ్లు.

మరి మార్చడం ఎందుకు? లోపలికి వెళ్లి చూస్తే గానీ జవాబు దొరకదు.

ఆ ప్రొఫైల్ ఫోల్డర్‌లో 'ఇన్‌బాక్స్' అని పేరున్న ఫైల్ ఒకటి ఉంటుంది. ఫోల్డర్ కాదు, ఒకే ఒక్క ఫైల్. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే (పెద్దదైతే తెరవకండి, మెషీన్ స్తంభించిపోతుంది) మెయిల్స్ అన్నీ ఒకదాని కింద ఒకటి, పొడుగాటి కాగితపు చుట్టలా కనిపిస్తాయి. ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలైందో చెప్పేది 'ఫ్రమ్' అనే మాటతో మొదలయ్యే గీత. దీన్ని ఎంబాక్స్ పద్ధతి అంటారు, యూనిక్స్ కాలం నాటిది. ఎవరైనా ఉత్తరం మధ్యలో ఒక వాక్యాన్ని 'ఫ్రమ్'తో మొదలుపెడితే? ప్రోగ్రాం దాన్ని కొత్త మెయిల్ అనుకోకుండా ఆ మాట ముందు ఒక బాణం గుర్తు తగిలించాలి. పాత మెయిల్స్‌లో అక్కడక్కడ అకారణంగా కనిపించే ఆ బాణాలు ఇలా వచ్చినవే.

ఈ చుట్టలో మధ్యలోంచి ఒక మెయిల్ డిలీట్ చేస్తే అది నిజంగా పోదు. పోయినట్టు ఒక గుర్తు పడుతుంది, అంతే. 'కాంపాక్ట్' కొట్టినప్పుడు, గుర్తు లేనివన్నీ కొత్త ఫైల్‌లోకి రాసి పాతదాన్ని పారేస్తుంది. అందుకే మెయిల్స్ ఎన్ని తీసేసినా డిస్కులో జాగా మిగలదు. ఇన్‌బాక్స్ 15 జీబీ ఉంటే కాంపాక్ట్ జరుగుతున్నంతసేపు ఇంకో 15 జీబీ దాకా ఖాళీ కావాలి. మధ్యలో కరెంటు పోతే 'ఎన్ఎస్‌టీఎంపీ' అనే పేరుతో సగం రాసిన ఫైళ్లు మిగిలిపోతాయి. ఇంకో ప్రమాదం యాంటీవైరస్‌తో. పదివేల మెయిల్స్‌లో ఒకదానికి వైరస్ అటాచ్‌మెంట్ ఉందనుకోండి, యాంటీవైరస్ కంటికి అది ఒకే ఫైల్ కాబట్టి మొత్తం ఇన్‌బాక్స్‌ను తీసుకెళ్లి క్వారంటైన్‌లో పెట్టేయవచ్చు. 'రాత్రికి రాత్రి మెయిల్స్ అన్నీ మాయం' అనే ఫిర్యాదుల వెనక ఇలాంటివి ఉన్నాయి.

ప్రతి ఫైల్ పక్కన అదే పేరుతో, చివర 'ఎంఎస్ఎఫ్' అని ఇంకో చిన్న ఫైల్ ఉంటుంది. అది సూచిక. ఏ మెయిల్ చుట్టలో ఎక్కడుంది, చదివారా లేదా, స్టార్ పెట్టారా అన్న చిట్టా. ఈ చిట్టా రాసే పద్ధతి పేరు మోర్క్. నెట్‌స్కేప్ రోజుల్లో పుట్టింది. ఫైర్‌ఫాక్స్ తన హిస్టరీని ఇందులోనే దాచుకునేది, 2008లో మూడో వెర్షన్‌తో దీన్ని వదిలించుకుని ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌కి మారింది. థండర్‌బర్డ్ అడ్రస్ బుక్ మోర్క్ నుంచి బయటపడటానికి 2020లో 78వ వెర్షన్ దాకా పట్టింది. మెయిల్ సూచిక ఇంకా బయటపడలేదు. మెయిల్ జాబితాలో సబ్జెక్టు ఒకటి ఉండి, నొక్కితే ఇంకో మెయిల్ తెరుచుకుందంటే చిట్టా, చుట్ట పొసగడం లేదని అర్థం. అప్పుడు ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోకెళ్లి 'రిపేర్ ఫోల్డర్' నొక్కమని చెబుతారు. ఇరవై ఏళ్లుగా అదే మందు.

మూడో బరువు ఫైర్‌ఫాక్స్ నుంచి వస్తుంది. థండర్‌బర్డ్ చూడటానికి మెయిల్ ప్రోగ్రాం గానీ, కింద నడిచేది ఫైర్‌ఫాక్స్ ఇంజనే. మెయిల్ కిటికీ గీసేదీ, ఉత్తరాన్ని చూపించేదీ, సర్వర్‌తో మాట్లాడే దారులను చూసుకునేదీ చాలావరకు ఆ ఇంజనే. అక్కడ ఫైర్‌ఫాక్స్ వాళ్లు తమకు అక్కర్లేదని ఒక దూలం తీసేస్తే ఇక్కడ పైకప్పు కుంగుతుంది. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా యాడ్‌ఆన్‌లను (ప్రోగ్రాంకు అదనంగా తగిలించుకునే చిన్న పనిముట్లను) ఆపేసింది, కిటికీలు గీయడానికి వాడే ఎక్స్‌యూఎల్ అనే సొంత భాషనూ మెల్లగా వదిలించుకోవడం మొదలుపెట్టింది. థండర్‌బర్డ్ ముఖమంతా ఆ భాషలోనే ఉంది. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు ఓనరు గోడలు కూలగొడుతుంటే ఎలా ఉంటుందో, కొద్దిమంది మనుషులతో నడుస్తున్న ఈ ప్రాజెక్టుకు అలా అయింది. కదలకుండా ఉండటం అనే అవకాశం అప్పటికే చేయి దాటిపోయింది. 'ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే ఏం పోయింది' అనే వాదనలో లోపం ఇక్కడే ఉంది. వదిలేసి ఉంటే ప్రోగ్రాం ఉన్నట్టు ఉండేది కాదు, భద్రతా మరమ్మతులు అందని శిథిలం అయ్యేది.

మొదట దెబ్బ తగిలింది యాడ్‌ఆన్‌లకు. 60, 68, 78 వెర్షన్లలో మెట్టుమెట్టుగా పాత యాడ్‌ఆన్‌లు ఆగిపోయాయి. యాడ్‌ఆన్ రాసినవాళ్లు ఎక్కువమంది ఖాళీ సమయంలో, జీతం లేకుండా రాసినవాళ్లు. ప్రతి ఏడాదీ తిరగరాయమంటే కొందరు దండం పెట్టి వెళ్లిపోయారు. మెయిల్‌ను గుప్తలిపిలో పంపడానికి 2001 నుంచీ నడిచిన ఎనిగ్‌మెయిల్ పనిని 78వ వెర్షన్ ప్రోగ్రాంలోకే తీసుకుంది. కొత్తగా వాడేవాళ్లకు అది మేలు. పాతవాళ్లు మాత్రం తమ తాళాలను కొత్త చోటికి మార్చుకోవాల్సి వచ్చింది, అలవాటైన కొన్ని పద్ధతులు అక్కడ లేవు. ఒక ప్రోగ్రాంను పదేళ్లు వాడిన మనిషి వాడేది ఆ ప్రోగ్రాంను మాత్రమే కాదు. దాని మీద తను కట్టుకున్న చిన్న చిన్న ఏర్పాట్ల మొత్తాన్ని వాడతాడు. తయారుచేసేవాళ్లకు కనిపించేది ప్రోగ్రాం ఒక్కటే.

ఇక 2023 జులైలో వచ్చిన 115వ వెర్షన్. ముద్దుపేరు సూపర్‌నోవా. అంతకు రెండు నెలల ముందే లోగో కూడా మార్చారు, మొదటి ఫైర్‌ఫాక్స్ లోగో వేసిన జాన్ హిక్స్ చేత వేయించారు. పైన ఒకే పొడుగాటి టూల్‌బార్ వచ్చింది, దాని మధ్యలో వెతికే పెట్టె. మెయిల్ దించుకునే బటన్, కొత్త మెయిల్ రాసే బటన్ ఎడమ పక్క ఫోల్డర్ల నెత్తిన చేరాయి. ఫోల్డర్ల పక్కన వరుసల్లో కనిపించే అంకెల బదులు గుండ్రటి బ్యాడ్జీలు వచ్చాయి. మెయిల్స్‌ను ఒక్కో గీతగా కాకుండా కార్డుల్లా చూసుకునే వీలు వచ్చింది. మెయిల్స్ జాబితాను పాత ఎక్స్‌యూఎల్ నుంచి తీసి పూర్తిగా తిరగరాశారు. కార్డులు సాధ్యమైంది అందువల్లే. అంటే పైపూతగా కనిపించిన దానికింద అసలు పని ఉంది. కానీ వాడే మనిషికి కనిపించింది పూతే.

నారాయణగూడ ఆడిటర్ ఆఫీసులోకి మళ్లీ వెళ్దాం. ఉదాహరణకే అనుకోండి. అప్‌డేట్ సెప్టెంబర్ చివరి వారంలో దానంతట అది పడింది. సెప్టెంబర్ 30 ట్యాక్స్ ఆడిట్ గడువు. పదిహేనేళ్లుగా అక్కడే పనిచేస్తున్న అకౌంటెంట్ ఉదయం రాగానే చేసేది ఒకటే: కుర్చీలో కూర్చోకముందే మౌస్‌ను ఎడమ పైమూలకు తోసి ఒక నొక్కు నొక్కడం. మెయిల్స్ దిగుతుండగా టీ. ఇవాళ నొక్కాడు, ఏమీ దిగలేదు. ఫోన్ తీశాడు.

"అన్నా, గెట్ మెయిల్ బటన్ యాడికి పోయింది?"

"యాడికీ పోలే సార్, జర కిందికొచ్చింది. ఫోల్డర్ల మీద చూడుండ్రి, మబ్బు బొమ్మ లెక్క ఉంటది."

"మబ్బు ఎందుకయ్యా? నాకు మెయిల్ గావాలె."

ఈ మాటల్లో కొత్తదనం మీద ద్వేషం ఏమీ లేదు. ఆ బటన్ ఎక్కడుందో అకౌంటెంట్ మెదడుకు తెలియదు, చేతికి తెలుసు. వంటింట్లో చీకట్లో కూడా ఉప్పు డబ్బా అందుకునే చేయి లాంటిదది. డబ్బాను పక్క అరలో పెట్టి, 'ఇక్కడైతే అందంగా ఉంది, వెతుక్కోవడం సులభం' అంటే, వెతుక్కోవాల్సిన అవసరం తనకు ఇన్నాళ్లూ లేదు కదా. కొత్తగా వచ్చేవాడికి సులభం కావడమూ, పాతవాడికి కష్టం కావడమూ ఒకే మార్పు వల్ల జరుగుతాయి. డిజైన్ చేసేవాళ్లు మొదటిదాన్ని కొలుస్తారు, రెండోదాన్ని తాత్కాలికం అని కొట్టేస్తారు. తాత్కాలికమే, నిజమే. కానీ ఆ తాత్కాలికం గడువు వారంలో పడితే నష్టం ఆ మనిషికే గానీ డిజైన్ చేసినవాడికి కాదు.

ఫిర్యాదుల్లో ఎక్కువగా వినిపించిన ఇంకో మాట ఖాళీ జాగా గురించి. పాత తెరలో ముప్పై మెయిల్స్ పట్టే చోట కార్డులు పెడితే అంతకన్నా బాగా తక్కువ పడతాయి. రోజుకు రెండొందల మెయిల్స్ చూసేవాడికి ఇది పెద్ద విషయం. గీతల పద్ధతి పోలేదు, వరుసలను ఇరుకుగానో వదులుగానో పెట్టుకునే సెట్టింగు కూడా ఉంది. కానీ ఉందని తెలియాలి కదా. ఇక్కడ తెలుగు చదివేవాళ్ల కోణం ఒకటి ఈ గొడవలో ఎక్కడా వినిపించనిది. ఇంగ్లిష్ అక్షరాల కొలతతో బిగించిన ఇరుకు వరుసలో తెలుగు అక్షరం ఇబ్బంది పడుతుంది. పైన గుడి దీర్ఘం, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. 'స్త్రీ' అనే మాట ఒక్కటి రాసి చూస్తే చాలు. సబ్జెక్టు తెలుగులో రాసుకునేవాళ్లకు కాస్త వదులుగా ఉండటమే హాయి. అంటే 'ఖాళీ జాగా వృథా' అనే వాదన కూడా ఒక లిపి అలవాటు నుంచి వచ్చిందే. ఇరుకు మంచిదా వదులు మంచిదా అనేదానికి అందరికీ సరిపడే జవాబు లేదు. ఎంచుకునే వీలు ఉండాలి, అది తేలిగ్గా దొరకాలి, అంతవరకే.

కోపాన్ని పెంచింది నిజానికి వెనక్కి వెళ్లలేకపోవడం. నచ్చకపోతే పాత వెర్షన్ వేసుకుందాం అనుకుంటే, కొత్త వెర్షన్ ఒకసారి తెరిచిన ప్రొఫైల్‌ను పాతది తెరవనంటుంది. 68వ వెర్షన్ కాలం నుంచీ ఈ అడ్డు ఉంది. డేటా పాడవకుండా పెట్టిందే, తప్పు కాదు. ప్రొఫైల్‌కి వేరే కాపీ ఉంచుకున్నవాళ్లే వెనక్కి వెళ్లగలిగారు. కాపీ ఉంచుకునే అలవాటు ఎంతమందికి ఉందో సీటీసీ కుర్రాళ్లను అడిగితే చెబుతారు. మరో ముడి విండోస్ 7. సెకండ్ హ్యాండ్ మెషీన్లతో నడిచే చిన్న ఆఫీసుల్లో అది చాలాకాలం బతికింది. విండోస్ 7, 8.1 మీద నడిచే చివరి థండర్‌బర్డ్ ఈ 115వదే, 2024లో వచ్చిన 128కి విండోస్ 10 కావాలి. అలాంటి మెషీన్ల వాళ్లకు సూపర్‌నోవా ఒకేసారి మొదటి కొత్తదీ చివరి కొత్తదీ అయింది.

హైదరాబాద్‌లో ఈ గొడవకు ఇంకో వైపు కూడా ఉంది, అది కాస్త నవ్వు తెప్పించేది. ఈ ఊరి ఐటీ అన్నం తినేది సగం ఇలాంటి పనితోనే. ఎక్కడో అమెరికా బ్యాంకులోనో ఇన్సూరెన్స్ కంపెనీలోనో ముప్పై ఏళ్లుగా నడుస్తున్న సిస్టమ్‌ను విప్పి కొత్తదాంట్లో బిగించడం. 1999 ముందు అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోబాల్ కోర్సులకు గిరాకీ వచ్చింది వైటూకే (2000 రాగానే పాత ప్రోగ్రాంలలో తేదీలు తప్పుతాయన్న చిక్కు) వల్ల, అది కూడా పాత ఇంటికి మరమ్మతే. ఇప్పుడు గచ్చిబౌలిలో కూర్చుని 'లెగసీ మోడర్నైజేషన్' ప్రాజెక్టు చేసే ఇంజనీరు, కొత్త స్క్రీన్ నచ్చలేదని క్లయింట్ వైపు క్లర్కులు గోల చేస్తే 'యూజర్ రెసిస్టెన్స్' అని స్లైడ్‌లో ఒక గీత రాస్తాడు. దానికి మందు 'ట్రైనింగ్' అని పక్కనే ఇంకో గీత. అదే మనిషి రాత్రి ఇంటికొచ్చి థండర్‌బర్డ్ తెరిచి, 'ఎవడు మార్చమన్నాడు దీన్ని' అని విసుక్కుంటాడు. రెండు చోట్లా మనిషి ఒకడే, కుర్చీ మారింది.

తేడా మాత్రం ఒకటుంది. బ్యాంకు క్లర్కుకు ఆ స్క్రీన్ నచ్చినా నచ్చకపోయినా వాడక తప్పదు, డబ్బు కట్టేది యాజమాన్యం. థండర్‌బర్డ్‌లో డబ్బు కట్టేది వాడేవాళ్లే. ప్రకటనలు లేవు, మెయిల్స్ చదివి డేటా అమ్ముకోవడం లేదు. నడిచేది విరాళాలతో. 2021లో 28 లక్షల డాలర్లు వచ్చిన చోట 2022లో 64 లక్షలు, 2023లో 86 లక్షలు, 2024లో కోటీ 3 లక్షల డాలర్లు వచ్చాయి. 2024లో ఇచ్చినవాళ్లు దాదాపు 3 లక్షల 35 వేల మంది. వాడేవాళ్లు 2 కోట్లకు అటూ ఇటూ ఉంటారని లెక్క కాబట్టి నూటికి ఇద్దరు కూడా ఇవ్వలేదన్నమాట. ఇక్కడే అసలు చిక్కు. ఇచ్చేది ఎక్కువగా పాత విశ్వాసపాత్రులు. ప్రాజెక్టు బతకాలంటే కావాల్సింది ఇంకా రాని కొత్తవాళ్లు, ఫోన్లో మెయిల్ చూసే కుర్రకారు. పాతవాళ్ల డబ్బుతో కొత్తవాళ్లకు ఇల్లు సర్దుతుంటే, హాల్లో సోఫా జరిపారని పాతవాళ్లకు కోపం రాకుండా ఉంటుందా?

అయితే అంకెలు ఇంకోటి కూడా చెబుతున్నాయి. సూపర్‌నోవా వచ్చిన ఏడాదీ, ఆ తర్వాతి ఏడాదీ విరాళాలు తగ్గలేదు, పెరిగాయి. అలిగినవాళ్లు ఉన్నారు, మాట్లాడినవాళ్లలో వాళ్లే ఎక్కువ ఉండొచ్చు. కానీ నచ్చినవాడు మెయిల్ చదువుకుని తన పని తాను చేసుకుంటాడు, వచ్చి బాగుందని చెప్పడు. తిట్ల సంఖ్యను బట్టి మార్పు తప్పో ఒప్పో తేల్చడం కుదరదు. అలాగని తిట్లన్నీ చాదస్తం అని కొట్టిపారేయడమూ కుదరదు. ఆ తిట్లలో టూల్‌బార్ గురించీ, కనిపించకుండా పోయిన అంకెల గురించీ నిక్కచ్చిగా చెప్పినవి ఉన్నాయి. తర్వాతి విడుదలల్లో కొన్ని సదుపాయాలు తిరిగి రావడానికి అవే కారణం.

అలిగి వెళ్లినవాళ్లలో కొందరు బెటర్‌బర్డ్‌కి చేరారు. ఇది ఓపెన్ సోర్స్ ఇచ్చే సౌలభ్యం: నచ్చకపోతే కోడ్ తీసుకుని మన దారిన మనం పోవచ్చు. ఒకప్పుడు థండర్‌బర్డ్ పనిలోనే ఉన్న డెవలపర్ మొదలుపెట్టిన బెటర్‌బర్డ్, థండర్‌బర్డ్ మీదే తన మరమ్మతులు అతికించి, పోయిన సదుపాయాలు కొన్ని తిరిగి పెట్టి ఇస్తుంది. కానీ అది కూడా అదే ఇంజను మీద నడవాలి, అదే 115ను దాటుకుని ముందుకు పోవాలి. పూర్తిగా పాతలోనే ఆగిపోదామంటే ఆ దారి ఎవరికీ లేదు. యుడోరా అనే మెయిల్ ప్రోగ్రాం అభిమానులు ఈ పాఠం ముందే నేర్చుకున్నారు. 1988లో పుట్టిన ఆ ప్రోగ్రాం ఆగిపోతున్నప్పుడు దాని రూపాన్ని థండర్‌బర్డ్ కోడ్ మీద తిరిగి కట్టే ప్రయత్నం జరిగింది. అదీ నిలవలేదు. 2018లో యుడోరా అసలు కోడ్‌ను కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం అందరికీ తెరిచింది. మ్యూజియం, గమనించండి.

మారకుండా ఉండాలనుకునేవాళ్లకు బయట ఉన్న లోకం కూడా సాయం చేయలేదు. 2022 మే నెలాఖరుతో గూగుల్ మామూలు పాస్‌వర్డ్‌తో బయటి ప్రోగ్రాంలను లోపలికి రానివ్వడం ఆపింది. కొత్త పద్ధతి తెలియని పాత వెర్షన్లకు, 'యాప్ పాస్‌వర్డ్' అని వేరే ఒకటి చేసుకుంటే తప్ప, జీమెయిల్ అందకుండా పోయింది. విండోస్‌తో వచ్చే మెయిల్ యాప్‌ను మైక్రోసాఫ్ట్ 2024 చివరితో ముగించి 'న్యూ ఔట్‌లుక్'ను ఎదురుగా పెట్టింది. అందులో వేరే కంపెనీ మెయిల్ అకౌంట్ కలిపితే ఆ మెయిలంతా మైక్రోసాఫ్ట్ సర్వర్ల గుండా తిరుగుతుంది. దానితో పోలిస్తే మెయిల్ దించుకునే బటన్ ఆరంగుళాలు జరగడం చిన్న బాధే.

'ఇల్లు అలకగానే పండగ కాదు' అంటారు. సూపర్‌నోవా అలుకుడే, పండగ పనులు ఆ తర్వాత మొదలయ్యాయి, ఇంకా జరుగుతున్నాయి. ఆండ్రాయిడ్‌లో చాలా ఏళ్లుగా ఉన్న కే-9 మెయిల్‌ను 2022లో కలుపుకుని, 2024 అక్టోబర్‌లో దాన్నే థండర్‌బర్డ్ పేరుతో విడుదల చేశారు. కొత్త కోడ్‌ను రస్ట్ భాషలో రాయడం మొదలైంది, ఆ భాషలో చేసిన మొదటి పెద్ద పని, ఆఫీసుల్లో వాడే మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ ఎక్స్ఛేంజ్‌తో నేరుగా మాట్లాడటం. అది 2025 నవంబర్‌లో 145వ వెర్షన్‌తో అందరికీ వచ్చింది. హైటెక్ సిటీ ఆఫీసుల్లో ఎక్స్ఛేంజ్ తప్ప ఇంకోటి లేని చోట్ల, యాడ్‌ఆన్ కొనుక్కుంటే గానీ థండర్‌బర్డ్ వాడలేని వాళ్లకు ఇది నిజంగా పనికొచ్చేది. దీనికి చప్పట్లు పెద్దగా వినపడలేదు. 2025 మార్చి నుంచి ఏడాదికోసారి కాకుండా నెలనెలా కొత్త వెర్షన్ ఇవ్వడం మామూలు పద్ధతి చేశారు. అకౌంటెంట్ వైపు నుంచి చూస్తే ఇందులో ఒక మేలుంది: ఇల్లంతా ఒకేసారి తిరగేయకుండా నెలకో కుర్చీ జరుపుతారు. నెలనెలా ఏదో ఒకటి జరుగుతుందనే చిరాకు కూడా ఉంది, కదలకుండా ఉండే ఏడాది వెర్షన్ కావాలంటే అదీ వేరుగా దొరుకుతుంది. ఆఫీసుల్లో అది వేసుకోవడమే తెలివైన పని.

అన్నిటికన్నా బరువైన పని పనోరమా అనేది. ప్రతి ఫోల్డర్ పక్కనా ఉండే ఆ మోర్క్ చిట్టాలన్నిటినీ తీసేసి, మొత్తం మెయిల్స్‌కి ఎస్‌క్యూలైట్‌లో ఒకే సూచిక కట్టడం. అది పూర్తయితే సబ్జెక్టు ఒకటి ఉత్తరం ఒకటి తెరుచుకునే జబ్బుకు మూలం పోతుంది. పంపినదీ వచ్చినదీ ఏ ఫోల్డర్‌లో ఉన్నా ఒకే సంభాషణగా చూపించడానికి దారి పడుతుంది. కానీ ఇది ప్రతి మూలా తాకే పని. మెయిల్ చదవడం, వెతకడం, ఫిల్టర్లు, జంక్, అన్నీ ఆ చిట్టాల మీదే ఆధారపడి ఉన్నాయి. లోగో మార్చడానికి నెలలు చాలు, దీనికి ఏళ్లు పడుతున్నాయి. అయిపోయిన రోజున కూడా తెర మీద కొత్తగా కనిపించేది తక్కువే, ఏదైనా చెడితే తప్ప ఎవరూ దాని గురించి మాట్లాడరు.

ఈలోగా సీటీసీలో ఆ పాత సీపీయూ సంగతి. 2022లో వచ్చిన 102వ వెర్షన్‌లో ఎక్స్‌పోర్ట్ అనే సదుపాయం పెట్టారు. టూల్స్ మెనూలో ఉంటుంది, నొక్కితే ప్రొఫైల్ మొత్తాన్ని ఒక జిప్ ఫైల్‌గా కట్టి ఇస్తుంది, దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని కొత్త మెషీన్‌లో ఇంపోర్ట్ చేసుకోవడమే. యాప్‌డేటాలో దారి వెతకనక్కర్లేదు. కాకపోతే ప్రొఫైల్ 2 జీబీ దాటకూడదు, దాటితే మీరే చేత్తో కాపీ చేసుకోండి అంటుంది. నారాయణగూడ ఆడిటర్ ఇన్‌బాక్స్ ఒక్కటే 15 జీబీ. ఆయన మాత్రం ఆ ఎనిమిది అక్షరాల ఫోల్డర్ పేరును కాగితం మీద రాసి కుర్రాడి చేతికి ఇవ్వాల్సిందే.